జిప్పు చప్పుడు

మొన్న డండాక్ అనే ఊళ్ళో నా అద్దె గదిలో కోటు కవరుకి జిప్పు లాగుతుంటే, ఆ చప్పుడుకి చెయ్యి ఆగిపోయింది.

కోవిడ్ లాక్‌డౌన్‌లో మేము ఈ దేశంలోనే నేస్ అనే ఊళ్ళో ఉండేవాళ్ళం. నాకప్పుడు పన్నెండేళ్ళు. అమ్మ వృద్ధాశ్రమంలో ముసలివాళ్ళని చూసుకునే కేరర్. ఆమె డ్యూటీకి వెళ్ళగానే నాన్నా నేనూ బ్రిటిష్ గ్యాంగ్‌స్టర్ సినిమాలు పెట్టేవాళ్ళం. సూట్లు వేసుకుని, టీ తాగుతూ, మర్యాదగా మాట్లాడుతూనే మనుషుల్ని చంపే ఆ రౌడీలంటే మాకు పిచ్చి. అమ్మకి ఆ నెత్తురూ బూతులూ గిట్టవు. ఇంటి ముందు కారు ఆగగానే నాన్న టీవీలో చర్చి ఆరాధన పెట్టేసేవాడు.

ఒక మధ్యాహ్నం మా నవ్వుల్లో కారు చప్పుడు వినపడలేదు. తెరమీద ఇద్దరు రౌడీలు శవాన్ని సంచిలో కుక్కి, జోకులేసుకుంటూ జిప్పు లాగుతున్నారు. రోజూ వచ్చీ రాగానే స్నానానికి పరిగెత్తే అమ్మ గుమ్మంలోనే నిలబడిపోయింది. నాన్న రిమోట్ కోసం తడుముకుంటున్నాడు.

"అట్టా కాదు," అంది అమ్మ, తెరనే చూస్తూ. "మొహం మీదకి జిప్పు లాగే ముందు ఒక్కసారి పేరు పెట్టి పిలవాలి."

అమ్మకీ సినిమా నచ్చిందనుకున్నాను. సంబరంగా జరిగి సోఫాలో చోటిచ్చాను.

"ఇట్స్ గ్రాండ్ మమ్మీ, సిట్ డౌన్!"

అమ్మ మెట్లెక్కి స్నానానికి వెళ్ళిపోయింది.

మరునాడు ఆమె డ్యూటీకి వెళ్ళాక, "నిన్న ఎక్కడ ఆపాం?" అని నాన్న నన్నడిగాడు. మిగతా సినిమా చూశాం. ముందురోజు అమ్మ ఎవరిని పేరు పెట్టి పిలిచి వచ్చిందో మా ఇద్దరిలో ఎవరమూ అడగలేదు.