పేరు పిలిచినప్పుడు లేచిన మనిషి

మా ఆయన పేరు దాసన్న. మా పల్లె పక్కనున్న మిల్లులో పదహారేళ్లు రాళ్ల పొడి సంచులకెత్తాడు. ఆ తెల్లదుమ్ము ఊపిరితిత్తుల్లో చేరి, చివరి రెండేళ్లు మంచానికీ గడపకూ మధ్యే తిరిగాడు. ఆయనకు ముందే అదే దగ్గుతో ఐదుగురు పోయారు. కాగితాల్లో మాత్రం క్షయ అని రాశారు.

"మిల్లు దుమ్ముతోనే సచ్చినారని సర్కారు ఒక్కసారి ఒప్పుకుంటే సాలు. మిగిలినోళ్లకన్నా మంచి వైద్యం దొరుకుతాది" అనేవాడు. అదొక్కటే ఆయన పట్టు.

మా ఎమ్మెల్యే అధికార పార్టీవాడే. ఇంటికొచ్చి అంతా రాసుకున్నాడు.

"సభలో నేనే అడుగుతా దాసన్నా. మంత్రి లేసి జవాబు చెప్పాల్సిందే."

"ఓట్లప్పుడు చెప్పినట్లేనా సారూ?" అని మా ఆయన నవ్వాడు. నవ్వితే దగ్గు.

అన్నట్లే ప్రశ్న పంపాడు. దానికి నంబరు కూడా వచ్చింది. అది సభకొచ్చే పొద్దున పాస్టరు జయకుమార్ అయ్యగారింట్లో టీవీ ముందు కూర్చున్నాం. మా ఆయన ఉతికిన చొక్కా వేసుకున్నాడు.

స్పీకరు ఎమ్మెల్యే పేరు పిలిచాడు. కుర్చీ ఖాళీ. మళ్లీ పిలిచాడు.

మా ఆయన గోడ పట్టుకుని లేచాడు. "ఉండాము సామీ" అన్నాడు టీవీతో.

మా చర్చిలో ఆదివారం రోగుల పేర్లు చదువుతారు. రాలేనివాళ్ల బదులు ఇంకొకరు లేచి నిలబడితే, ప్రార్థన వాళ్లకే చెందుతుంది. అసెంబ్లీలోనూ అంతే అనుకున్నాడు.

"కూసోప్పా దాసన్నా. వాళ్లకు నువ్వు కనపడవు" అన్నారు అయ్యగారు మెల్లగా.

అప్పటికే తరువాతి ప్రశ్న మొదలైంది.

"ఇంగోసారి పిలుస్తాడేమో" అని ఆయన ప్రశ్నల సమయం అయిపోయేదాకా నిలబడే ఉన్నాడు.

పదకొండో రోజు చనిపోయాడు.

ఎమ్మెల్యే పూలదండ తెచ్చాడు. "ఆ పొద్దు యాడికి పోయినావు సారూ?" అని అడిగాను.

"బయట వరండాలోనే ఉంటి జీవమ్మా. ఆ ప్రశ్న ప్రభుత్వానికి ఇబ్బంది, పేరు పిలిచేటప్పుడు లోపల ఉండొద్దని మా పార్టీ విప్పు చెప్పినాడు."

"విప్పంటే ఎవరు?"

"యాడ కూసోవాల, దేనికి చెయ్యెత్తాల అని మాకు చెప్పేటాయన. మాట దాటితే మళ్లా టికెట్టు రాదు."

"మంత్రిని అడిగేదానికే గదా నిన్ను పంపినాము? వాళ్లే నిన్ను బయట నిలబెడితే, ఇంక మా తరపున లోపల ఎవరుండారు?"

ఆయన దండ సర్ది గడప దాటాడు.

సభ్యుడు లేకున్నా జవాబు అచ్చు వేస్తారట. అయ్యగారు తెచ్చి చదివారు. మిల్లు దుమ్ముతో ఎవరైనా చనిపోయారా అన్నదానికి "లేదండి" అని ఉంది. జబ్బుపడినవాళ్లకు వైద్యం ఏర్పాటు చేస్తారా అన్నదానికి "ఈ ప్రశ్న ఉత్పన్నం కాదు" అని ఉంది.

మరుసటి తెల్లవారుజామున దగ్గు వినిపించి, నీళ్ల చెంబుతో మంచం దాకా పోయాను. మంచం మీద ఎవరూ లేరు. చెంబు పట్టుకుని అలాగే నిలబడ్డాను. మళ్లీ వినిపించింది, గోడ అవతల నుంచి. పక్కింటి గిడ్డయ్య. మిల్లులో చేరి ఇంకా నాలుగేళ్లే.