ఆదెన్న ఎత్తిన చెయ్యి

బస్సులో దేవుడి గురించి మాట్లాడేవాళ్లంటే నాకు మొదటి నుంచీ మంట. పద్దెనిమిదేళ్లుగా ప్రొద్దుటూరు డిపోలో కండక్టరుగా చేస్తున్నాను. సీట్లు యాభై అయిదు, మనుషులు తొంభై మంది, కాళ్ల కింద మూటలు, ఒళ్లో ఏడ్చే పిల్లలు. వీటన్నిటి మధ్య ఒకరు లేచి నిలబడి పరలోకం సంగతి ఎత్తుకుంటే ఎవరికి ఓపిక ఉంటుంది? అందుకే బాలనాగమ్మను మొదటిసారి చూసిన రోజే బస్సు దించేశాను. జమ్మలమడుగు దారిలో, నల్లరేగడి చేల మధ్య, మిట్టమధ్యాహ్నం.

ఆమె గొడవ పడలేదు. దిగి, కొంగు నెత్తిన కప్పుకుని, "ఎనకొచ్చే బస్సులో కండక్టరు ఎవురు పాపా?" అని అడిగింది.

"నాకంటే చెడ్డది" అన్నాను.

"అట్లయితే దానిగ్గూడా చెప్పల్ల" అంది. మరుసటి రోజు మళ్లీ నా బస్సే ఎక్కింది.

అలా మొదలైన పరిచయం మాది. రాజుపాలెం దగ్గర పల్లె ఆమెది. గొర్రెలు మేపే ఇల్లు. సంఘంలో సువార్త పని చేసేది. తెల్లచీర, చంకలో సంచి, సంచిలో నల్లట్ట పుస్తకం, గుడ్డలో చుట్టిన రెండు జొన్నరొట్టెలు. సోమవారం జమ్మలమడుగు, గురువారం వేంపల్లె మీదుగా పులివెందుల. నాకూ ఆమెకూ చివరికి ఒక ఒప్పందం కుదిరింది. నేను టికెట్లు కొట్టడం అయ్యేదాకా ఆమె నోరు విప్పకూడదు. అయ్యాక నేను వినకపోయినా ఆమె మానదు.

ఒకసారి పులివెందుల బస్సులో, బత్తాయిలు పండించే చీనీతోటల రైతు ఒకాయన ఆమెను నిలదీశాడు. "ఇన్నేండ్లుగా తిరుగుతాండావు కదమ్మా, ఎంతమందిని మార్చినావు?"

"ఒక్కర్ని గూడా మార్చలేదప్పా" అంది.

"మరి ఏం పని చేస్తాండావు?"

"చెప్పే పని. మార్చే పని నాది గాదు. నా చేతనయ్యేదైతే మా ఇంట్లో మొగుణ్ణి ముందు మారుస్తాంటి."

బస్సంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఆమె మాత్రం నవ్వలేదు. అందరూ దిగాక అడిగితే అప్పుడు చెప్పింది. ముప్ఫై ఏళ్ల కిందట పురిట్లో బిడ్డ పోయి జమ్మలమడుగులో ఆసుపత్రిలో పడి ఉందట. పక్క మంచంలో వసంతమ్మ అనే ముసలామె పొద్దూ మాపూ బైబిలు పైకి చదివేదట. బాలనాగమ్మకు ఒళ్లు మండి చెవుల్లో దూది పెట్టుకుని, దుప్పటి ముసుగు తన్ని పడుకునేదట.

"నేను ఎతుక్కుంటా పోలేదు సుమతీ. దుప్పటి కప్పుకున్యా. ఆ దేవుడే వచ్చి దుప్పటి లాగినాడు. నన్నెందుకు లాగినాడో, నాకు ఇంకో పక్క మంచం దాన్ని ఎందుకు ఇడిచినాడో నాకు తెలీదు. అడగడానికి నేనెవురు?" ఇది ఆమె మతం మొత్తం. నాకు ఇందులో సగం నచ్చలేదు. పిలిచేదీ ఆయనే, తెచ్చేదీ ఆయనే అయితే ఈమె ఎండలో తిరగడం ఎందుకని వాదించాను. "పంపినాడు గాబట్టి" అంది. అంతకుమించి ఏనాడూ చెప్పలేదు.

ఆమె భర్త ఆదెన్న. నాకు తెలిసిన మనుషుల్లో తమాషా మనిషి. భార్య పనికి ఎప్పుడూ అడ్డు చెప్పలేదు, ఒక్క అడుగూ ఆమె వైపు వేయలేదు. తొంభై తొమ్మిది గొర్రెల్ని వదిలి తప్పిపోయిన ఒక్కదాని కోసం వెళ్లిన కాపరి కథ ఆమె ఇంట్లో చెబితే, ఈయన బీడీ ఆర్పి, "అట్లాంటోణ్ణి నేనైతే కూలికి పెట్టుకోను. తొంభై తొమ్మిదిటిని నక్కలు తింటే ఎవురు జవాబు చెప్పేది?" అన్నాడట. ఆమె మూడు రోజులు మాట్లాడలేదు. తర్వాత నాతో చెబుతూ తనే నవ్వింది.

ఇక చెయ్యి సంగతి. ఈ సభల పద్ధతి తెలియనివాళ్లకు చెబుతున్నాను. వాక్యం అయిపోయాక, నమ్మినవాళ్లు చెయ్యి ఎత్తండని వేదిక మీద నుంచి అడుగుతారు. ఎత్తినవాళ్ల దగ్గరికి సంఘం పెద్దలు వెళ్లి పేర్లు రాసుకుంటారు. పదేళ్ల కిందట జమ్మలమడుగు దగ్గర మూడు రోజుల సభలు జరిగాయి. ఆ పక్క బీడులోనే ఆదెన్న మంద ఉంది. భార్య బతిమాలితే వచ్చి, మంద కనబడేలా జనం వెనక నిలబడ్డాడు. సరిగ్గా చేతులెత్తమన్నప్పుడే ఆయన మేక ఒకటి ఎవరిదో శనగచేలోకి దిగింది. ఆదెన్న కర్రతో సహా చెయ్యి పైకి లేపి అదిలించాడు. "వెనక నిలబడిన అన్నా, నీ చెయ్యి చూసినాను" అన్నాడు వేదిక మీది పాస్టరు జనార్దన్. జనం చప్పట్లు కొట్టారు.

పుస్తకం పట్టుకుని ఇద్దరు పెద్దలు తన దగ్గరికి రావడం చూసి, వాళ్లు శనగచేను తాలూకు మనుషులనుకున్నాడు ఆదెన్న. మేకను బందెలదొడ్డిలో పెట్టిస్తారని భయపడి, పేరడిగితే తన పేరు చెప్పకుండా అన్న పేరు చెప్పాడు. అలా ఏ సభ మొహమూ చూడని నారాయణ రక్షణ పొందినవాళ్ల పుస్తకంలోకి ఎక్కాడు.

మరుసటి రోజు బాలనాగమ్మను మైకు దగ్గరికి పిలిచి, భర్త మారిన సాక్ష్యం చెప్పమన్నారు. వేలమంది ముందు ఆమె చెప్పింది ఇంతే. "ఆ చెయ్యి మేకను తోలేకి ఎత్తింది. ఆ పేరు మా బావది. కొట్టేయండి." దిగి వచ్చి తన చోట కూర్చుంది. జనార్దన్ పాస్టరు మొహం ఎలా ఉందో నేను చూడలేదు గానీ ఊహించగలను.

ఆయన చెడ్డవాడు కాదు, ముందే చెబుతున్నాను. ఆసుపత్రిలో ఎవరికి రక్తం కావాలన్నా అర్ధగంటలో ఉంటాడు. కానీ ఈ ఏడాది ఎంతమంది చేతులెత్తారని ఆయన్ని పైవాళ్లు అడుగుతారు. నిరుడు వాళ్లు కొత్త నియమం పెట్టారు. సొంత ఇల్లు మారనివాళ్లు ఇక సువార్త పని చేయకూడదని. జనార్దన్ బాలనాగమ్మ ఇంటికొచ్చి, పెన్నలో నీళ్లున్న మడుగు చూసుకుని ఆదెన్నకు బాప్తిస్మం ఇప్పిద్దామని, అంతటితో అందరి నోళ్లూ మూతపడతాయని నచ్చజెప్పాడు.

"ఉన్ని కత్తిరించే ముందర గొర్రెల్ని మేం గూడా మడుగులో ముంచుతాం అయ్యగారూ. బయటికొచ్చినాక గూడా అది గొర్రే" అందట బాలనాగమ్మ.

రెండు నెలలకు ఆదెన్నకు పక్షవాతం వచ్చింది. కుడి కాలూ చెయ్యీ పడిపోయాయి, మాట పోయింది. వారపు సెలవు రోజున నేను చూడటానికి వెళ్లాను. మంచం పక్కన జనార్దన్ కూడా ఉన్నాడు. కళ్లు మూసుకుని చాలాసేపు ప్రార్థన చేశాడు. తర్వాత వంగి, "ఆదెన్నా, నమ్ముతున్నావా? నమ్మితే చెయ్యి ఎత్తు" అన్నాడు. ఆదెన్న కదల్లేదు. జనార్దన్ తన చేత్తోనే ఆ పడిపోయిన చేతిని పట్టుకుని మెల్లగా లేపబోయాడు.

బాలనాగమ్మ ఆ చేతిని మణికట్టు దగ్గర పట్టుకుని పరుపుకు అదిమింది.

"వద్దు అయ్యగారూ. అది మీరెత్తేది, ఆయప్ప ఎత్తేది గాదు."

"అమ్మా, నీ కోసమే చెబుతున్నా. ఆయన పరలోకంలో ఉన్నాడని నీకు నిమ్మళంగా ఉంటుంది. నీ పని నీకు ఉంటుంది. మన స్థలంలోనే సమాధి చేసుకుందాం."

"నా నిమ్మళం కోసరం దేవుణ్ణి మోసం చేయమంటారా? ఆయనకు ఈయప్ప కావల్లంటే కాలూ చెయ్యీ పడినోణ్ణి గూడా ఎత్తుకపోతాడు. వద్దనుకుంటే మీరు పదిమంది కలిసి ఎత్తినా ఈ చెయ్యి ఆడిదాకా అందదు. ఇడిచిపెట్టండి."

జనార్దన్ వదిలేశాడు. ఆయన కళ్లలో నీళ్లు చూశాను. తలుపు దాటుతూ, "నీది గట్టి గుండెమ్మా" అన్నాడు. అది మెచ్చుకోలో నిష్ఠూరమో నాకు తెలియలేదు.

ఆయన వెళ్లాక నాకే కోపం వచ్చింది. "ఏం పోయేది అక్కా, ఒక్క చెయ్యి ఎత్తనిస్తే? నీకు భయం లేదా?" అన్నాను.

అప్పుడు ఆమె ఏడ్చింది. గోడకు ఆనుకుని, కొంగు నోట్లో కుక్కుకుని, భర్తకు వినబడకుండా ఏడ్చింది. "శానా భయం పాపా. దినామూ అడుగుతాండా. ముప్పై ఏండ్లు నీ పని చేసినా, ఈ ఒక్కణ్ణి నాకియ్యి అని. ఇయ్యమని అడిగే హక్కు నాకు లేదు. అయినా అడుగుతాండా. కానీ దొంగచెయ్యి మాత్రం ఎత్తను. ఆయప్ప బతికుండంగా ఎవురికీ తల వంచలేదు. చచ్చేటప్పుడు మనం వంచుతామా?"

తర్వాతి వారం మళ్లీ వెళ్లాను. పొద్దున ఏడు దాటింది. మందను అప్పటికే నారాయణ తోలుకుపోయాడు. కాలు విరిగిన మేకపిల్ల ఒకటే ఇంటి దగ్గర ఉంది. బాలనాగమ్మ మంచం పక్కన కూర్చుని వాక్యం పైకి చదువుతోంది. నేను గడప దగ్గర ఉన్నాను. వాకిట్లో ఆరబెట్టిన జొన్నల చాటలో మేకపిల్ల మూతి పెట్టింది. అప్పుడు ఆదెన్న ఎడమ చెయ్యి లేచింది. నా కళ్లతో చూశాను. మెల్లగా, వణుకుతూ, మోచేయి దాకా, తర్వాత పైకి. వేళ్లు విచ్చుకున్నాయి. రెండు మూడు క్షణాలు అలా నిలిచి పడిపోయింది. ఆయన చూపు వాకిలి వైపే ఉంది. ఆమె కూర్చున్నదీ ఆ వైపే.

ఆమె చదవడం ఆపి, నావైపు చూసి, వెనక్కి తిరిగి వాకిట్లో మేకపిల్లను చూసింది. ఆ మధ్యాహ్నమే ఆదెన్న పోయాడు.

జనార్దన్ వచ్చాడు. సంఘం పెద్దలు వచ్చారు. నారాయణ, అటువైపు చుట్టాలూ వచ్చారు. ఏ స్థలంలో సమాధి, ఎవరి పద్ధతిలో అని వాకిట్లో మాటలు మొదలయ్యాయి. జనార్దన్ ఆమె దగ్గరికొచ్చి, చాలా మెత్తగా, "చివర్లో ఏమన్నా చేసినాడా అమ్మా? చెయ్యి గానీ..." అని అడిగాడు.

నేను ఆమె పక్కనే ఉన్నాను. "ఎత్తినాడని చెప్పక్కా, అబద్ధమేం కాదు" అని చెవిలో అన్నాను. దేవుణ్ణి నమ్మని నేను. అవును, ఆ పూట నాకూ ఆయన పరలోకానికి పోవాలనే ఉంది.

బాలనాగమ్మ లేచి నిలబడి అందరికీ వినబడేలా చెప్పింది. "ఎత్తినాడు అయ్యగారూ. ఈ సుమతి గూడా చూసింది. నేను వాక్యం చదువుతాంటి, మేకపిల్ల జొన్నలు తింటాండె. దేనికెత్తినాడో నాకు తెలీదు. తెలిసినాయన తీసుకపోయినాడు. మీరు పుస్తకంలో రాసుకోవద్దండి."

సంఘం స్థలం మాట అక్కడితో పోయింది. ఆమె పని కూడా పోయిందని ఆమెకు తెలుసు. అటువైపు చుట్టాల్లో ఒకాయన, సంఘంలోకి పోయినదాని మొగుడికి మా వాళ్ల పక్కన చోటెట్లా ఇస్తామని గొణిగాడు. నారాయణ అతన్ని ఒక్క చూపుతో ఆపాడు.

"నా చేలో పెడతాం, మంద కట్టే కాడ" అన్నాడు. జనార్దన్ వైపు తిరిగి, "అయ్యగారూ, మీరు గూడా రాండి. నా పేరు ఎట్లాగూ ఒకసారి మీ పుస్తకంలోకి ఎక్కె గదా" అన్నాడు. జనార్దన్ వచ్చాడు. సమాధి దగ్గర ప్రార్థన చేయలేదు, ఉపదేశమూ చేయలేదు. అందరితో పాటు మూడు పిడికిళ్ల మట్టి వేసి వెళ్లిపోయాడు. ఆ రోజు నుంచి ఆయనంటే నాకు గౌరవం.

నెల తర్వాత గురువారం పులివెందుల బస్సులో బాలనాగమ్మ ఎక్కింది. సంఘం గుర్తింపు కాగితం లేదు. అదే సంచి. ఇప్పుడు ఆడవాళ్లకు ప్రయాణం ఉచితం కాబట్టి సున్నా టికెట్టు కొట్టి చేతిలో పెట్టాను. మిగతా టికెట్లు అయ్యేదాకా ఆగింది. తర్వాత లేచి మొదలుపెట్టింది.

వేంపల్లె దాటాక ఆ చీనీతోటల రైతే మళ్లీ ఎక్కాడు. అతనికి అన్నీ తెలిసినట్టున్నాయి. "ఊరంతా తిరిగి చెప్తివి, సొంత మొగుడు అట్లే పోయె. ఇంగా సిగ్గు లేకుండా చెప్తాండావా? యాడుండాడమ్మా ఇప్పుడు నీ మొగుడు?" అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. డ్రైవరుకు బెల్లు కొట్టి అతన్ని అక్కడే దింపేద్దామనుకున్నాను. తాడు మీద చెయ్యి కూడా వేశాను. బాలనాగమ్మ నావైపు చూసి వద్దని తల ఊపింది. పైకమ్మీని పట్టుకుని అతని సీటు దాకా నడిచి వచ్చింది.

"యాడుండాడో నాకు తెలీదప్పా. ఆ సంగతి దేవుడు చూసుకున్యాడు, నాకు చెప్పలేదు. నీ సంగతి చెప్పేకి నన్ను పంపినాడు. పక్కకు జరుగు, కూచుంటా."

అతను జరిగాడు.