నాన్న ఎదురుచూసే ఎర్రటి ఆకాశం

మా చిన్నప్పుడు... జంషెడ్‌పూర్‌లో పొద్దుగూకాక ఆకాశం ఇంకోసారి ఎర్రబడేది. ఇనుము కరిగించగా మిగిలిన నిప్పుల ముద్దను, స్లాగ్ అనేవాళ్లం, దూరంగా గుట్ట మీద పారబోసేవారు. పడమర వైపంతా కుంపటిలా రాజుకునేది.

"ఇంత ఎలుగుంటే లైటెందుకర్రా!" అంటూ అమ్మ గోల్‌మురి క్వార్టర్ వాకిట్లోనే చేట పట్టుకుని బియ్యం ఏరేది. నేను ఆరిన బట్టలు మడతపెట్టి, నాన్నకు నవారు మంచం వాల్చేదాన్ని.

నాన్న రేకుల ఫ్యాక్టరీలో పనిచేసేవారు. ఆ ఎరుపు చూస్తేనే ఆయనకు కవిత వచ్చేది... మొదటి మాట పైకి అనేసి, ఆకాశం చల్లారేలోపు మిగతాది అల్లేవారు.

ఉగాదికి తెలుగువాళ్లం చేరితే అందరూ శ్రీకాకుళం సముద్రం మీద, కొబ్బరితోటల మీద కవితలు చదివేవారు. నాన్నది మాత్రం స్లాగ్ వెలుగే.

"ఏటి బావా, ఊరి మీద రాయమంటే బొగ్గూ బూడిదా ఏటి?" అని మావయ్య ఎగతాళి చేసేవాడు.

"మరదే కదరా నా ఊరు."

నిజమే... వేసవి సెలవుల్లో పలాస దగ్గర తాతగారింటికి వెళ్తే, ఉన్నన్నాళ్లూ ఆయనకు ఒక్క పాదం కూడా వచ్చేది కాదు. "ఆకాశం మరీ నల్లగుందే" అని దిగులుపడేవారు.

ఇప్పుడు నాన్న అదే ఊళ్లో, బారిడీహ్‌లో మా దగ్గరే ఉంటున్నారు. మతిమరుపు... స్లాగ్ అలా పారబోయడం ఎప్పుడో మానేశారని ఎన్నిసార్లు చెప్పినా నిలవదు. సాయంత్రం కాగానే డాబా మీద పడమరకు కుర్చీ వేయాలి. "మా ఊళ్లో పొద్దు రెండుసార్లు కుంకుతుంది..." అని మొదలుపెడతారు. అక్కడే ఆగి, చూస్తూ కూర్చుంటారు.

పిట్టగోడ మీద ఎర్ర బల్బు పెట్టి చూశాను. "పెళ్లేటే ఎవరికైనా?" అని నవ్వారు. గోల్‌మురి తీసుకెళ్లి పాత క్వార్టర్ చూపించాను. ఆయన గుమ్మం వైపు చూడనే లేదు... పైకి చూశారు.

మొన్న మా అమ్మాయి "నానాజీ, అబ్ లాల్ నహీ హోతా" అంది. ఇక ఎర్రబడదని.

నాన్న నావైపు తిరిగారు. "ఏటే గుంటా, ఇంకా ఎర్రబడనేదు? ఇది మనూరు కాదే. సీకటడిపోతంది... ఇంటికెళిపోదాం, పద."

"ఇదే ఇల్లు నాన్నా..."

ఆయన అప్పటికే చెప్పులు వెతుక్కుంటున్నారు.

ఇంట్లో ఏ డబ్బా ఎక్కడుందో కళ్లు మూసుకుని చెప్పగలను నేను. ఆ వెలుగు మాత్రం ఎక్కడి నుంచి తేను?

మీలో ఎవరైనా ఆ సాయంత్రాలు చూశారా? ఆ ఎరుపు చల్లారేటప్పుడు ఎలా ఉండేదో రెండు ముక్కలు రాయండి... నాన్నకు చదివి వినిపిస్తాను. కవిత అక్కడే ఆగి ఉంది.