శేరు అడుగున లక్క

ముందు పోయినవి లెక్క పెడతాను. ఏడేళ్ళుగా మోస్తున్న బరువును ఇంకో రకంగా చూపడం నాకు చేతకాదు. మా ఊరి చిన్న మ్యూజియంలో ఏటా మూడు కార్యక్రమాలు జరుగుతాయి. వేసవిలో కొలతల వారం, తొలకరికి విత్తనాల ప్రదర్శన, చలికాలంలో పాటల సాయంత్రం. మూడింటికీ తప్పకుండా వచ్చే సుంకమ్మ ఏడేళ్ళుగా రావడం లేదు. అంటే ఇరవయ్యొక్కసార్లు. ఆమెకు పద్నాలుగు దంపుడు పాటలు వచ్చు. మేం రికార్డు చేసుకున్నవి మూడే. పదకొండు పాటలు పోయాయి. ఆమె తల్లి మాట ఒకటి పోయింది. దాన్ని పోగొట్టింది నేను.

నేను డోన్ దగ్గర ధాన్యం కొట్టులో గుమాస్తాను. చదివింది ఏడో తరగతి. పాత కొలతలు సొంతంగా నేర్చుకున్నాను. అందుకే కొలతల వారం నాకు అప్పగించారు.

మ్యూజియానికి గది ఇచ్చిన షావుకారు కుటుంబం, ఏడేళ్ళ కిందట తమ తాతలనాటి ఇత్తడి శేరు కూడా ఇచ్చింది. వాళ్ళ చేలల్లో కూలీలకు ఆ శేరుతోనే జొన్నలు కొలిచేవారు. రోజుకు రెండు శేర్లు కూలి. ఆ వేసవి కార్యక్రమానికి వాళ్ళ పెద్దాయన వస్తున్నాడు. పక్క గది కూడా ఇస్తాడని అందరికీ ఆశ.

ముందురోజు శేరు తోముతుంటే అడుగు తేడాగా తగిలింది. గోటితో గీకాను. లక్క. నల్లగా, నున్నగా, అడుగంతా పోసి ఉంది. సర్కారు ముద్ర ఉన్న శేరు తెచ్చి కొలిచాను. షావుకారు శేరుతో ఎనిమిదిసార్లు పోస్తే ముద్ర శేరు ఏడుసార్లే నిండింది.

అప్పుడేం చేశాను? పొయ్యి మీద పెట్టి లక్క కరిగించాను. మిగిలింది గీరి, చింతపండుతో తళతళలాడేలా తోమాను. ఎవరూ చేయమనలేదు. ఎవరికీ తెలియదు కూడా.

మరునాడు అందరి ముందూ పిల్లల చేత కొలిపించాను. ఎనిమిదికి ఎనిమిది. చప్పట్లు. అప్పుడు ముందు వరసలోంచి సుంకమ్మ లేచింది.

“ఏమప్పా, నీ శేరు శానా ధర్మంగా ఉండాదే! మాయమ్మ ఇరవయ్యారేండ్లు ఈ శేరు కూలికే పన్జేసింది. కొలత తక్కువుండాది అన్నందుకు అబద్ధాలకోరని పేరు పెట్టి మాన్పించిరి. సచ్చేదాకా అదే మాట చెప్తాండె.”

“మీయమ్మ కొంగుకు చిల్లుండెనేమోలే అవ్వా!” అని వెనక నుంచి ఎవరో అన్నారు. అందరూ నవ్వారు. పెద్దాయన కూడా.

ఆమె నవ్వలేదు. నన్నే చూసింది. “నువ్వు లెక్కలోడివి. నువ్వు జెప్పు. మాయమ్మ అబద్ధమాడిందా?”

“కొలత నీ కండ్ల ముందరే ఉండాది గదవ్వా,” అన్నాను.

ఆమె చెప్పులు వెతుక్కుని వెళ్ళిపోయింది.

పక్క గది వచ్చింది. ఇప్పుడందులో బడిపిల్లలు కూర్చుని పాత రాతలు చదువుతారు. అది చెడ్డపని అని నేననను, మీరన్నా ఒప్పుకోను. కానీ గది కోసమే చేశానా? చాలాకాలం అలాగే చెప్పుకున్నాను. గది కోసమే అయితే శేరును అద్దాల పెట్టెలో పెట్టి కొలవకుండా వదిలేసి ఉండొచ్చు కదా? అంతమందిలో లెక్క సరిపోయిందనిపించుకోవాలని, పెద్దాయన చేత శాలువా కప్పించుకోవాలని చేశాను. కప్పాడు. కప్పుకున్నాను.

పోయిన నెల సుంకమ్మ ఇంటికి పోయి అంతా చెప్పాను. క్షమించమని అడగలేదు. అడిగితే, పెద్దమనిషి, పోనీలే అని ఉండేదేమో. అంత చవగ్గా బయటపడడం నాకిష్టం లేదు. ఆమె చేటలో కొర్రలు చెరుగుతూనే విన్నది. తిట్టలేదు. కూర్చోమనలేదు. చివరికి ఒక్కటే అడిగింది. “మొత్తం ఎంత తక్కువిచ్చినారప్పా?”

ఇంటికొచ్చి లెక్క కట్టాను. కాగితం మీద రాసి, ఈ వేసవి కొలతల వారంలో ఆ శేరు పక్కనే పెట్టాను. మ్యూజియం కమిటీవాళ్ళు తీసెయ్యమన్నారు. ఆధారమేదన్నారు. ఆధారం నేనే. లక్క చూసింది నేను, కొలిచింది నేను, కరిగించింది నేను. గది ఇచ్చినవాళ్ళు నొచ్చుకుంటారన్నారు. నొచ్చుకోనీ. నన్ను తీసేస్తే తీసేయండి, కాగితం మాత్రం తీయను. ఏడేళ్ళలో మొదటిసారి ఆ శేరును తలెత్తుకుని చూడగలుగుతున్నాను. నాకంతే చాలు.

కాగితంలో ఉన్నది ఇది. ఏడాదికి నూటపది పనిరోజులే వేసుకున్నాను, నిజానికి ఎక్కువే ఉంటాయి. ఇరవయ్యారేళ్ళకు రెండువేల ఎనిమిదివందల అరవై రోజులు. రోజుకు రెండు శేర్ల చొప్పున ఐదువేల ఏడువందల ఇరవై శేర్లు. అందులో ఎనిమిదో వంతు తరుగు. సుంకమ్మ తల్లికి నేటికీ ముట్టనివి ఏడువందల పదిహేను శేర్ల జొన్నలు.