వెలుగును పొమ్మన్న రోజు

జనవరిలో దిగాం. అంటార్కిటికా. రాత్రి పదకొండు, ఎండ కాస్తోంది. మైనస్ నాలుగు. తూర్పు గాలి. ఒంటిమీద నాలుగు పొరల బట్టలు. నేను సైన్యంలో సిగ్నల్స్ హవల్దారుని. అక్కడ నాకిచ్చిన పని రేడియో గది, రాడార్ స్తంభాలు. ఏడాది డ్యూటీ.

మంచు మీద బండి నడిపే డ్రైవర్ నా పేరుకన్నా ముందు ఊరు అడిగాడు.

"ఏమప్పా, యాడ మీది?"

"ఓర్వకల్లు."

"మాది రాయచోటి. ఈ రాళ్ళు చూస్తాంటే ఇంటికి పోయినట్టే ఉండాది. గడ్డిపోచ గూడ మొలవదు."

నిజమే. స్టేషన్ చుట్టూ బోడి గుట్టలు. దేశం తిరిగి తిరిగి మళ్ళీ మా ఊరికే వచ్చానా అనిపించింది.

రాడార్ ఎందుకని ఊళ్ళో అడుగుతుంటారు. ధ్రువం చుట్టూ, వంద కిలోమీటర్ల ఎత్తున, ఒక వెలుగు పట్టీ ఉంటుంది, అరోరా అంటారు. అది ఒక చోట నిలవదు. సూర్యుడి నుంచి వచ్చే గాలి జోరెక్కితే వెడల్పయి మా నెత్తి మీదికొస్తుంది. నెమ్మదిస్తే దక్షిణానికి జరుగుతుంది. రాడార్ పంపిన తరంగం ఆ పట్టీలోని అలజడికి తగిలి తిరిగొస్తుంది. ఎక్కడి నుంచి తిరిగిరావడం మొదలవుతుందో అదే అంచు. మబ్బు పట్టినా తెలుస్తుంది. ఆ అంచు ఎక్కడుందో గుర్తించేది మా శాస్త్రవేత్త, ముప్పై నిండని మరాఠీ అమ్మాయి. స్తంభాల మీద మంచు దులిపేది నేను.

చలికాలపు చీకట్లు మొదలయ్యాక ఆ వెలుగంటే నాకు పిచ్చి పట్టింది. పచ్చగా, చప్పుడు లేకుండా, ఆరేసిన చీర గాలికి ఊగినట్టు ఊగేది. దాని కింద నిలబడితే కాళ్ళున్న సంగతి తెలిసేది కాదు. డ్యూటీ అయిపోయినా లోపలికి పోబుద్ధయ్యేది కాదు.

జూన్. సూర్యుడు పైకి రాని నెల. డ్రైవర్ ఇంధనం డిపోకు వెళ్ళాడు. ఒంటరిగా పోకూడదన్నది నియమం, డాక్టర్ తోడెళ్ళాడు. మధ్యాహ్నం ఒంటిగంటకు రావాలి. మూడయినా రాలేదు. మైనస్ ముప్పై ఒకటి. రేడియోలో గరగర తప్ప ఏమీ లేదు. వెలుగు సరిగ్గా మా నెత్తిన ఉంది. అది పైనుంటే రేడియో మాటను మింగేస్తుంది. పాడు వెలుగు, ఎన్నడూ లేనంత అందంగా ఉంది.

డిపో నుంచి రెండు దారులు. మా దగ్గర మిగిలింది ఒకటే బండి. తప్పు దారిలో పంపితే, తిరిగొచ్చి రెండో దారి పట్టేసరికి ఆ ఇద్దరూ చలికి బిగుసుకుపోతారు.

"ఏ దారి?" అన్నాడు మా స్టేషన్ కమాండర్. ఎవరికి తెలుసు?

శాస్త్రవేత్త తెర మీంచి చూపు తిప్పకుండా హిందీలో చెప్పింది. "అంచు దక్షిణానికి జరుగుతోంది. అరగంట ఆగండి. మనల్ని దాటితే రేడియో పలుకుతుంది."

"దాటకపోతే?"

"దాటుతుంది సార్."

కమాండర్ ఆగాడు. బయట బండి ఇంజను ఆపనివ్వలేదు.

నేను చెవులకు హెడ్‌ఫోన్ పెట్టుకుని కిటికీలోంచి పైకి చూశాను. మా ఊళ్ళో పైనుంచి వచ్చేదాన్ని ఎవరూ పొమ్మనరు. వాన కోసం కప్పను రోకలికి కట్టి వీధులు తిప్పిన జనం మేం. ఆకాశాన్ని రమ్మనడమే తెలుసు. ఆ రోజు మాత్రం, "పో తల్లీ. దండం పెడతా, పో" అన్నాను. ఏడుపొచ్చింది.

వెలుగు పల్చబడింది. మెల్లగా దక్షిణపు గుట్టల వెనక్కి జారింది. గరగరలోంచి గొంతు వచ్చింది.

"అన్నా, వినపడతాందా? పడమటి దారిలో ఉండాం. ఇంజను ఆగిపాయ. డాక్టర్‌కు కాలివేళ్ళు మొద్దుబారినాయి. ఓవర్."

"వస్తాండారు. నిద్రపోవద్దు, మాట్లాడతానే ఉండు. ఓవర్."

"ఏం మాట్లాడేదప్పా?"

"ఏదన్నా. రాయచోటిలో మీ మామిడి తోట గురించి చెప్పు."

మామిడి అంట్లు ఎట్లా కట్టాలో చెప్పడం మొదలుపెట్టాడు. బండి వాళ్ళను చేరేదాకా చెబుతూనే ఉన్నాడు. డాక్టర్ వేళ్ళు కూడా దక్కాయి.

ఏడాది ముగిశాక ఇల్లు చేరాను. ఇప్పుడు పింఛను మీద ఓర్వకల్లులోనే ఉంటున్నాను. "ఆ వెలుగు ఎట్లుంటాదప్పా?" అని అడుగుతారు. ఫోనులో ఫొటోలు చూపిస్తాను. శానా బాగుండాది అంటారు.

నా కలలోకి వచ్చేది మాత్రం ఆ వెలుగు కాదు. అది పోయాక మిగిలిన ఆకాశం. కటిక నలుపు. ఆ నలుపులోంచి ఒక మనిషి మామిడి అంట్ల గురించి చెబుతూనే ఉంటాడు.