ఆరు పాయింట్లతో నాలుగు ఆటీన్లు

ఎండాకాలం మధ్యాహ్నాల్లో, భూపాలపల్లిలోని మా అమ్మాయి ఇంట్లో, మనవరాలు చెమటకాయలకని మెడమీద పౌడరు చల్లుకున్నప్పుడు ఆ వాసన గదంతా పరుచుకుంటుంది. అందరికీ ఆ వాసనతో పసిపిల్లలు గుర్తుకొస్తారు. నాకు పేక గుర్తుకొస్తుంది. మా ఇంట్లో పౌడరు డబ్బా ముఖాల కోసం కొన్నది కాదు, పత్తాల కోసం కొన్నది. నలుగురి చేతి చెమటకు జిగటబారే ముక్కలను పాత పంచె గుడ్డలో వేసి, చిటికెడు పౌడరు చల్లి, మూటగట్టి మెల్లగా కుదిపి, ఒక్కొక్కటీ తుడిచి దొంతి పెట్టడం నా పని. అలా తుడిచిన పేకను పంచితే ముక్కలు కింద పరిచిన సత్రంజి మీద నీళ్ళమీద జారినట్టు జారి, ఎవరి ముందు ఆగవలసినవి వారి ముందే ఆగేవి.

మాది మానుకోట, అంటే నేటి మహబూబాబాద్. ఇప్పుడు జనగామ ఒక జిల్లా, మానుకోట ఒక జిల్లా, భూపాలపల్లి ఒక జిల్లా. అప్పుడన్నీ వరంగల్ జిల్లాలోనివే. మా బాపు నెల్లికుదురు దగ్గరి వ్యవసాయ కుటుంబం నుంచి వచ్చి మానుకోటలో వకీలుగా స్థిరపడ్డాడు. ఈ మధ్య ఒక సభలో ఒక పెద్దమనిషి, బ్రిడ్జి ఆట మన ప్రాంతంలో నగరపు క్లబ్బులు దాటి రాలేదని ధీమాగా సెలవిచ్చారు. తెలియని సంగతిని అంత నిబ్బరంగా చెప్పగలిగేవారిని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ఆడిన ఆటలను తేదీలతో రాసిపెట్టుకునే అలవాటు నాకు చిన్ననాటిది. ఆ ధైర్యంతోనే చెబుతున్నాను, మా అరుగు మీద బ్రిడ్జి రోజూ నడిచింది. దాన్ని తెచ్చినవాడు మా పక్కింటి ఖాదర్ చాచా. జనగామ రైల్వే స్టేషనులో పనిచేసిన రోజుల్లో పై అధికారుల దగ్గర నేర్చుకుని, పింఛను తీసుకుని మానుకోటకు వచ్చాక మా బాపుకూ అమ్మకూ నేర్పాడు.

నాలుగో మనిషి విశ్వనాథం గారు, కోస్తా నుంచి ఉద్యోగం మీద వచ్చిన ఇంజినీరు. బాపు, ఆయన ఒక జోడీ. అమ్మ, చాచా ఒక జోడీ. ఎండాకాలం తాటిముంజలు, వానలు పడ్డాక నిప్పులమీద కాల్చిన మక్కకంకులు, తంగేడు పూసే రోజుల్లో సత్తుపిండి, రంజాను మరునాడు చాచా ఇంటి షీర్ ఖుర్మా, ఇవన్నీ ఆ సత్రంజి అంచునే తిన్నాం. ముక్కలకు జిడ్డు అంటకూడదు గనుక తిన్నవాళ్ళు చెయ్యి కడిగి, తుడుచుకుని, నాకు చూపించి గాని పేక ముట్టకూడదు.

ఆట తెలియనివారికి రెండు మాటలు. ఎదురెదురుగా కూర్చున్న ఇద్దరూ జోడీ. ఒకరి ముక్కలు ఒకరికి కనబడవు. ఇస్పేటు, ఆటీను (హార్ట్స్), డైమన్, కళావరుల్లో ఏ రంగును తురుపు చేసి ఎన్ని పట్లు గెలుస్తామో వేలంలో పాడినట్టు వంతులవారీగా పాడాలి. పాడిన అంకె ఆరు పట్ల పైన లెక్క, నాలుగంటే పది పట్లు. పాడినన్ని గెలవకపోతే ఓటమి. మరి చేతిలోని బలం తెలిసేదెట్లా? విశ్వనాథం గారిది పుస్తకంలో ఉన్న పద్ధతి. ఆసుకు నాలుగు, రాజుకు మూడు, రాణికి రెండు, జాకీకి ఒకటి. కూడితే పదమూడు వస్తే నోరు తెరవాలి, రాకపోతే మూసుకోవాలి. జోడీ ఇద్దరికీ కలిపి ఇరవై ఆరు లేనిదే పెద్ద పాట పాడటం ఆయన దృష్టిలో అప్రతిష్ఠ.

చాచా ఆ లెక్కను కాదనలేదు. దాని తరువాత ఇంకోసారి చూడమనేవాడు. నేను ఆయన వెనక కూర్చుంటే ముక్కలు నావైపు వంచి, గొంతు తగ్గించి చెప్పేవాడు.

"గిన్తీ అయిందా బేటీ? ఇగ మల్ల సూడు. గీ ఇస్పేట్ రాజు ఉన్నడు. మీ అమ్మ నాకు ఎదురుంగ ఇస్పేట్ అంటే వీడు షేర్, పులి. మీ బాపు ఇస్పేట్ అన్నడనుకో, ఆసు ఆయన దగ్గర, నా ఎనక వంతుల కూసుంటది. గప్పుడు వీడు చూహా, ఎల్క. పత్తా గదే, ఖీమత్ మారింది."

ఒంటరిగా ఉన్న రాణికంటే జాకీకి తోడుగా ఉన్న పది మేలని, పొడుగైన రంగులో చిన్న ముక్కలు కూడా చివరకు పట్లు తెస్తాయని, ఎదుటివాళ్ళ రంగులో మనకు ఒక్కటే ముక్క ఉంటే రెండోసారికి తురుపు వెయ్యవచ్చునని, వీటన్నిటికంటే ముఖ్యంగా వేలంలో ప్రతి మాటకూ మన చేతిని మళ్ళీ కొత్తగా విలువ కట్టుకోవాలని నాకు అలా తెలిసింది. ఒకనాడు విశ్వనాథం గారు పదహారు పాయింట్లతో దర్జాగా పాడి, రాజులన్నీ తప్పుచోట ఇరుక్కుని ఓడిపోతే, నేను నవ్వు ఆపుకోలేక ఇంట్లోకి పరుగెత్తాను.

అరవై తొమ్మిదిలో ప్రత్యేక తెలంగాణ ఉద్యమం వచ్చింది. బళ్ళు మూతపడ్డాయి. ఉద్యోగాల్లో, నీళ్ళలో మాకు జరిగిన అన్యాయం గురించి బాపు అరుగుమీదే విశ్వనాథం గారితో వాదించేవాడు. ఆయన తన లెక్కలు చెప్పేవారు. వాదం ముగిశాక ఇద్దరూ జోడీగా కూర్చునేవారు. తరువాత బాపు సత్యాగ్రహం చేసి, మెడలో బంతిపూల దండతో అరెస్టై వరంగల్ జైలుకు వెళ్ళాడు. మరునాటి నుంచి ఆయన స్థానంలో నేను కూర్చున్నాను. పదమూడేళ్ళ ఆడపిల్లను, ఇంజినీరు గారికి జోడీని!

ఆయన నన్ను సహించారంతే. "గిట్ల కాదమ్మాయ్, ఇలా అనాలి" అని నా మాటను దిద్దేవారు. నా పాటను నమ్మేవారు కాదు. నేను రెండు అంటే, నా దగ్గర ఒకటికి సరిపడా ఉందని లెక్కవేసుకునేవారు. బయట వేలమంది ఎందుకు నినాదాలు చేస్తున్నారో నాకు ఆ సత్రంజి మీదే అర్థమైంది.

ఊళ్ళో గుసగుసలు మొదలయ్యాయి. వకీలు జైల్లో ఉంటే, ఆయన భార్య ఆంధ్రా ఇంజినీరుతో పత్తాలాడుతున్నదని. జైలుకు చూడబోయినప్పుడు అమ్మ ఆ సంగతి చెప్పి, ఏం చేయమంటారని అడిగింది. బాపు కటకటాల వెనక నుంచి నావైపు చూశాడు.

"నా జాగల మీరు కూసున్నరు. పత్తాలు మీ చేతుల ఉన్నయి. నేను ఈడికెంచి ఎట్ల పాడాలె?"

నాలుగు రోజులకు మల్లేశం వచ్చాడు. కాలేజీ విద్యార్థి, బాపు శిష్యుడు, అమ్మను చిన్నమ్మా అని పిలిచేవాడు. వెంట మరో నలుగురు. సరిగ్గా అప్పుడే విశ్వనాథం గారు ఒక ఆటీను పాడారు, చాచా ఒక ఇస్పేటు అన్నాడు, వంతు నాది.

"చిన్నమ్మా, వకీలు సాబ్ జైల్ల ఉండె. గీడ మీరు సారుతోని ఆటలాడవడితిరి. బజార్ల మమ్ముల అడుగుతున్రు. ఏం జెప్పాలె?"

విశ్వనాథం గారు ముక్కలు బోర్లించి లేచారు. "నా వల్ల మీకు మాట రాకూడదమ్మా. వెళతాను."

నా చేతిలో ఆటీన్లు అయిదు, రాణి పెద్దగా. డైమన్లు ఆరు, రాజూ జాకీతో. ఇస్పేటు ఒకటి, కళావరు ఒకటి. పుస్తకం లెక్కకు ఆరు పాయింట్లు. కానీ ఆయన ఆటీను అన్నారు. చాచా ఇస్పేటు అన్నాడు. ఆ రెండు మాటలతో నా చెయ్యి కళ్ళముందే పెరిగింది. అటువంటి చెయ్యిని వదిలి ఆయన వెళ్ళిపోతాడా? నాకు కోపం ముంచుకొచ్చింది.

"నా వంతు కాలే సార్! నాలుగు ఆటీన్లు!"

అమ్మ తల ఎత్తకుండానే అంది. "పాట అయింది. కూసో సారూ. మల్లేశం, చెప్పులిడిసి నువ్వు గూడ కూసో. చెయ్యి అయినంక మాట్లాడుదం."

ఎందుకో ఇద్దరూ కూర్చున్నారు. చాచా ఇస్పేటు వేశాడు. మొదట ఆటీను అన్నది విశ్వనాథం గారు గనుక మా రెండు చేతులూ ఆయనే ఆడాలి; నేను డమ్మీని, నా ముక్కలన్నీ పరిచాను. విశ్వనాథం గారు వాటిని లెక్కపెట్టారు. పెదవులు కదలడం నేను చూశాను. "ఆరా?" అన్నారు. ఇద్దరికీ కలిపి పందొమ్మిదేనని పైకే అనుకున్నారు. నుదుటి చెమట తుడుచుకుని ఆడటం మొదలుపెట్టారు. ఆసుతో ఇస్పేటు పట్టారు, తురుపులు లాగేశారు, డైమన్లలో ఒక్క ఆసుకు తలవంచి మిగతా అన్నీ గెలిచారు. ఒక డైమన్, ఒక కళావరు తప్ప వాళ్ళకేమీ దక్కలేదు. పది కావలసిన చోట పదకొండు.

మల్లేశం మోకాళ్ళమీద ముందుకు వంగి ఉన్నాడు. "గంత తక్కువ పెట్టుకొని ఎట్ల గెలిసిన్రు?"

"గది దెల్వాల్నంటే రోజు రావాలె బేటా," అన్నాడు చాచా. అమ్మ కూడా నవ్వింది.

వెళ్ళేముందు మల్లేశం విశ్వనాథం గారి పక్కన ఆగి చిన్నగా అన్నాడు. "మేమంటే చిన్నమ్మను అడగనీకొచ్చినం సార్. అందరు అడగరు. జర పైలం."

మరునాడు ఆయన వచ్చారు గాని కూర్చోలేదు. ఇంటి యజమాని భయపడి ఖాళీ చేయమన్నాడట. చెప్పులు విప్పకుండానే అరుగు కింద నిలబడి నన్ను అడిగారు.

"ఆరు పాయింట్లతో అంత పాట ఎలా పాడావమ్మాయ్?"

"మీరు ఆటీను అన్నరు గద సార్."

"నా మాట మీదనా?"

"మల్ల? జోడీ మాట నమ్మకుంటే ఎట్ల ఆడుతం?"

ఆయన నా మాటను దిద్దలేదు. చాచా స్టేషనుకు వెళ్ళి ప్యాసింజరు ఎక్కించి వచ్చాడు. మా ఉద్యమం న్యాయమైనదని నేను అప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటాను. ఆయన అలా వెళ్ళవలసి రావడం అన్యాయమని కూడా అప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటాను.

మిగిలిన ముగ్గురం నాలుగు చేతులూ పంచుతూనే ఉన్నాం. ఆయన స్థానంలో పడిన పదమూడు ముక్కలను బోర్లా ఉంచి, వేలం అయ్యాకే తిప్పేవాళ్ళం. ఎదుటినుంచి మాట రాదు. మాట రాని జోడీతో నాకు మిగిలినవి పాయింట్లు మాత్రమే; పదమూడు ఉంటే పాడాను, లేకపోతే ఊరుకున్నాను. అచ్చంగా ఆయనలాగే ఆడాను. వానల్లో బాపు విడుదలై వచ్చి నాకెదురుగా కూర్చున్నాక, ఆ ఆటను ముక్కలు పేర్చి చూపించాను. చాలాసేపు చూసి, "నేనైతే పాడకపోదును," అన్నాడు.

చాచా లేడు, అమ్మా బాపూ లేరు, అరుగును రోడ్డు వెడల్పులో కొట్టేశారు. మేము అడిగిన రాష్ట్రం వచ్చింది. మనవరాలి ఫోనులో బ్రిడ్జి ఉంది. ముక్కలు పడగానే కింద పాయింట్లు కూడి చూపిస్తుంది. నిన్న దానిలో నాకు ఆరు వచ్చాయి. ఎదుటి జోడీ ఎవరని వెతికితే అక్కడ పేరు లేదు. ఫోను తిరిగి ఇచ్చేసి, ఆ పిల్ల మెడమీది పౌడరు కొంచెం వేళ్ళకు అద్దుకుని, ట్రంకు పెట్టెలోని పాత పేక తీశాను.

"ఎదురుంగ కూసో బిడ్డా," అన్నాను. "ఆట తర్వాత నేర్పుత. ముందుగాల ఏదన్న ఒక మాట చెప్పు."