గడువును ఎటు నుంచి లెక్కపెట్టాలి

పీహెచ్‌డీలో చేరిన మొదటి రోజే మా గైడ్ అన్న మాట అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. "రొయ్యల గుంటల కాడ నుంచి వచ్చినావు. ఫారిన్ ఇన్వెస్టర్లు నీకెందుకమ్మా? పొదుపు సంఘాల మీద చెయ్యి, తొందరగా అయిపోతుంది." గదిలో ఉన్న ఇద్దరు స్కాలర్లు నవ్వారు. ఆ నవ్వు మీద కోపంతోనే నేను ఆ అంశాన్ని ఆరేళ్లు పట్టుకుని వేలాడాను.

అంశం చెప్పడానికి చిన్నదే. ప్రభుత్వాలూ కంపెనీలూ ఏడాదిలోపు తీరుస్తామని పత్రాలు రాసిచ్చి అప్పు తెచ్చుకుంటాయి. వాటిని విదేశీయులూ కొంటారు. వాళ్లకు భయం వేస్తే, గడువు తీరగానే డబ్బు తీసుకుని వెళ్లిపోతారు, మళ్లీ కొనరు. అలాంటి పత్రాలు మన దేశానివి విదేశీయుల చేతిలో ఎన్ని ఉన్నాయి, మరో దేశానివి ఎన్ని ఉన్నాయి, ఎవరు ముందు ఇబ్బందిలో పడతారు అన్నది నా పరిశోధన. మనకన్నా ఆ రెండో దేశానికే ప్రమాదం చాలా ఎక్కువని తేల్చాను. కావలిలో నేను పాఠాలు చెప్పే కాలేజీవాళ్లు, జూన్‌లోగా డాక్టరేట్ రాకపోతే కాంట్రాక్టు పొడిగించేది లేదని చెప్పేశారు.

థీసిస్ ఇవ్వడానికి పది రోజులుండగా, ముత్తుకూరు దగ్గర మా అన్న రొయ్యల గుంట గట్టు మీద కూర్చుని దాన్ని చివరిసారి చూసుకుంటున్నాను. అన్నకు మేత అరువిచ్చే డీలర్ వచ్చి, గుంట సంగతి ఏమిటని అడిగాడు.

"డెబ్బయ్యో దినం," అన్నాడు అన్న.

"నువ్వు సీడ్ వదిలిన దినం నాకెందుకన్నా? రొయ్యల పట్టుబడికి ఇంకెన్ని దినాలుండాయో చెప్పు. నా డబ్బులొచ్చేది అప్పుడు గదా."

"ఎవురైనా సీడ్ వదిలినకాడ నుంచే చెప్తారు. వెనక నుంచి లెక్కేసేదానికి నేనేమన్నా రాకెట్ వదలతా ఉండానా?"

ఇద్దరూ నవ్వుకున్నారు. నేను థీసిస్‌లో రెండు దేశాల అప్పుల పట్టికలున్న పేజీ తీశాను. మా వైపు గుంట వయసు ఎప్పుడూ సీడ్, అంటే రొయ్య పిల్లల్ని, వదిలిన రోజు నుంచే లెక్క. ఆ అలవాటుతోనే రెండు దేశాల పట్టికలూ చదివేశాను. మన పట్టికలో ఉన్నవి మొదట జారీ చేసినప్పుడే ఏడాదిలోపు గడువు పెట్టిన పత్రాలు. ఆ దేశపు పట్టికలో ఉన్నవి ఇంకో ఏడాదిలోపు తీర్చాల్సినవన్నీ. ఎన్నో ఏళ్ల కిందట జారీ చేసి, ఆఖరి ఏటికి వచ్చిన బాండ్లూ అందులోనే ఉన్నాయి. పట్టిక కింద చిన్న అక్షరాల్లో ఆ సంగతి రాసే ఉంది. ఆరేళ్లలో నేనది ఒక్కసారీ చదవలేదు.

రెండు రోజులు కూర్చుని రెండు దేశాలనూ ఒకే పద్ధతిలో లెక్క కట్టాను. తేడా దాదాపు మాయమైంది. నేను ఆరేళ్లు కారణాలు వెతికిన తేడా అసలు లేనేలేదు.

గైడ్ దగ్గరికి వెళ్లి తప్పు చూపించాను. ఆయన కూర్చోమనలేదు. ఎప్పుడూ అనలేదు.

"కింద ఒక నోట్ పెట్టమ్మా. ఎవరు చదువుతారు?"

"మీరు చదివారు కదా సార్. ప్రతి అధ్యాయం మీదా సంతకం పెట్టారు."

"పెట్టినాను. ఇప్పుడూ పెడతాను. శుక్రవారం దాటితే రిజిస్ట్రేషన్ పోతుంది, నీ ఇష్టం."

ఆరు నెలల గడువు అడిగాను. ఆయన ఫోను చూసుకుంటూ, "ఆరోజే చెప్పినా, ఇవి నీకెందుకని," అన్నారు.

అన్నకు చెబితే, "తప్పుందని ఎవురికి తెలుసు పాపా? ఇచ్చెయ్యరాదా. ఉద్యోగం పొయ్యాక ఏం చేస్తావు?" అన్నాడు.

ఇస్తే, ఇవి నీకెందుకన్న గైడ్ మాటే నిజం, నాకేమీ తెలియదు. ఇవ్వకపోయినా, పూర్తి చేయలేకపోయాను కాబట్టి ఆయన మాటే నిజం. శుక్రవారం ఆఫీసు మూసేదాకా బైండు చేయించిన నాలుగు కాపీలు ఒళ్లో పెట్టుకుని వరండాలో కూర్చున్నాను. గుమాస్తా తాళం వేస్తూ, "ఇచ్చేదుందా మేడం?" అని అడిగాడు. లేదన్నాను.

జూన్‌లో కాంట్రాక్టు పొడిగిస్తున్నామని కాలేజీ నుంచి ఫోను రాలేదు. కాపీలు అన్న మోటారు షెడ్డులో మేత బస్తాల మీద ఉన్నాయి. నాలుగో అధ్యాయం మొదటి నుంచి మళ్లీ రాస్తున్నాను. రాశాక ఎవరికి ఇవ్వాలో తెలియదు.